ఖాళీలు పూరించండి!

ఇల్లు వెతకడానికి నెల రోజులు. నచ్చిందో లేదో తేల్చుకోవడానికి పావుగంట. అద్దె బేరమాడటానికి ఇంకో పావుగంట. మరి... ఆ ఇంట్లో ఎలా ఉండాలో, ఎలా బయటికి రావాలో రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టడానికి? రెండే రెండు నిమిషాలు! అద్దె ఒప్పందంలో నింపకుండా వదిలేసిన ఖాళీలే, ఇల్లు ఖాళీ చేసే రోజున గొడవలై కూర్చుంటాయి.

హైదరాబాద్ నల్లకుంటలో ఓ రెండంతస్తుల ఇల్లు. ఆదివారం ఉదయం పదకొండు గంటలు. హాల్లో టీపాయ్ మీద నాలుగు కాఫీ కప్పులు. పక్కనే వంద రూపాయల స్టాంపు పేపరు, దానికి పిన్ను కొట్టిన మూడు టైపు కాగితాలు. సోఫాలో ఇంటాయన... ఆర్టీసీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఎదురుగా పై పోర్షను అద్దెకు తీసుకోవడానికి వచ్చిన భార్యాభర్తలు. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే. వాళ్ల పాప అప్పటికే మెట్లెక్కి దిగి, తన గది ఏదో తేల్చేసుకుంది.

“అంతా మామూలేనమ్మా. జిరాక్స్ షాపులో దొరికే ఫారమే. పేర్లు రాసి సంతకాలు పెట్టేస్తే అయిపోతుంది” పెన్ను అందించారు పెద్దాయన.

భర్త పెన్ను తీసుకున్నాడు. భార్య ఆపింది.

“ఏమీ అనుకోకండి అంకుల్. ఒక్కసారి చదువుకుని, ఖాళీలన్నీ నింపుకుందాం.”

హాల్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ‘మా మీద నమ్మకం లేదా’ అని ఆయన అనుకుంటారేమోనని ఆమెకు భయం. ‘అప్పుడే లాయర్లా మాట్లాడుతోందే’ అని ఆయనకు అనుమానం. మన దగ్గర చాలా అద్దె ఒప్పందాలు సరిగ్గా ఈ క్షణం దగ్గరే దారి తప్పుతాయి. దాని పేరు మొహమాటం.

ఆమె ఊరికే అడగలేదు. ఇంతకుముందున్న ఇంట్లో 30 వేలు అడ్వాన్సు ఇచ్చారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి 12 వేలు, సింకు కింద పైపుకి మూడు వేలు, మోటారు బిల్లు బాకీ అంటూ పదిహేను వందలు పట్టుకుని, చేతిలో 13,500 పెట్టారు. ఒప్పందం తీసి చూస్తే అడ్వాన్సు గురించి ఉన్నది ఒకటే వాక్యం... ‘ఖాళీ చేయునపుడు తిరిగి ఇవ్వబడును’. ఎప్పుడు, ఎంత, దేనికి కోత... ఏమీ లేదు.

పెద్దాయన కథా తక్కువేం కాదు. కిందటిసారి ఉన్నవాళ్లు మూడు నెలల అద్దె ఎగ్గొట్టారు. కరెంటు బిల్లు కట్టలేదు. ఓ రోజు రాత్రికి రాత్రే సామాను సర్దుకుపోయారు. ఆ అద్దెతోనే దంపతులిద్దరి మందులూ, ఇంటి పన్నూ గడవాలి. ‘ఇల్లు కట్టిచూడు, పెళ్లి చేసిచూడు’ అన్న పెద్దలు ‘అద్దెకిచ్చి చూడు’ అనడం ఎందుకు మరిచిపోయారో అని ఆయన అప్పుడప్పుడూ విసుక్కుంటారు.

ఇద్దరికీ దెబ్బ తగిలింది ఒక్కచోటే. కాగితం మీద ఉండాల్సిన మాట లేకపోవడం దగ్గర!

చట్టం ఉందిగా...

‘రాసుకోకపోతే మాత్రం ఏం, అద్దె నియంత్రణ చట్టం ఉందిగా’ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉంది. 1960లో చేసిన చట్టం అది. ఏయే కారణాలకు ఖాళీ చేయించవచ్చో, రెంట్ కంట్రోలర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లవచ్చో అందులో ఉన్నాయి. కానీ 2005లో వచ్చిన సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతాచోట్ల రెండు వేలు దాటిన అద్దె ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. 3,500కి హైదరాబాద్‌లో ఇవాళ ఎలాంటి ఇల్లు దొరుకుతుందో చెప్పనక్కర్లేదు. తర్వాత ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దె చట్టం చేసుకుంది. కేంద్రం 2021 జూన్‌లో ‘నమూనా అద్దె చట్టం’ ఆమోదించింది. అయితే పేరులోనే ఉన్నట్టు అది నమూనా. రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే అమలవుతుంది.

అంటే... సగటు మధ్యతరగతి అద్దె ఇంటికి పాత చట్టం గొడుగు అందదు. తేడా వస్తే సివిల్ కోర్టే దిక్కు. అక్కడ మొదట అడిగేది, మీరు ఏం రాసుకున్నారని!

ఏ ఇల్లు? ఎవరిది?

మొదటి ఖాళీ పేర్లు. తేలిగ్గా కనిపిస్తుంది కానీ తికమకలన్నీ ఇక్కడే మొదలు. ఇల్లు తండ్రి పేరిట ఉంటుంది, సంతకం కొడుకు పెడతాడు. యజమాని అమెరికాలో ఉంటాడు, తాళాలు బావమరిది ఇస్తాడు. అందుకే ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఒకసారి చూపించమని అడగడంలో తప్పులేదు. యజమాని తరఫున ఇంకెవరైనా సంతకం చేస్తుంటే వాళ్లకు ఆ అధికారం ఇచ్చిన పత్రం చూడాలి. అద్దెదారు ఆధార్ నకలు, ఉద్యోగం వివరాలు తీసుకోవడం యజమానికీ అంతే అవసరం.

తర్వాత ఇంటి వివరం. ‘మొదటి అంతస్తు’ అని రాస్తే చాలదు. ఎన్ని గదులు, మెట్ల కింద బండి పెట్టుకునే చోటు ఉందా, కారుకు జాగా ఉందా, డాబా మీద బట్టలు ఆరేసుకోవచ్చా... ఇవన్నీ ఇల్లు చూసేటప్పుడు నోటిమాటగా ‘వాడుకోండమ్మా’ అన్నవే. రెండో కారు కొన్నాక మాటలు మారతాయి.

పాలు ఎప్పుడు పొంగించారు?

తేదీ గడి దగ్గర పెద్దాయన ‘ఒకటో తారీకు’ అని రాయబోయారు. ఆమె మళ్లీ ఆపింది. “ఆషాఢం వచ్చేస్తోందని వచ్చే బుధవారం పాలు పొంగిస్తాం అంకుల్. సామానుతో వచ్చేది మాత్రం నెలాఖరుకి.” అయితే అద్దె ఎప్పటి నుంచి? తాళాలు చేతికిచ్చిన రోజు నుంచా, దిగిన రోజు నుంచా? తెలుగువాళ్ల ఇళ్లలో ఏటా ఎదురయ్యే చిక్కే ఇది. అయినా ఏ ఫారంలోనూ దీనికి గడి ఉండదు. చివరికి ‘బుధవారం తాళాలు ఇవ్వబడును, అద్దె మాత్రం ఒకటో తారీకు నుంచి’ అని పక్కన చేత్తో రాసుకున్నారు. ఫారంలో చోటు లేనంత మాత్రాన రాయకూడదని లేదు. కొట్టివేతల పక్కన, కొత్త వాక్యాల పక్కన ఇద్దరూ పొడి సంతకాలు పెడితే సరి.

పదకొండు నెలల కథ

ఎన్నాళ్లకు? ‘పదకొండు నెలలు’... ఈ ఖాళీ మాత్రం ఎప్పుడూ అచ్చయ్యే వస్తుంది. ఎందుకు పదకొండు అని అడిగితే ఇచ్చేవాళ్లకీ తెలియదు, పుచ్చుకునేవాళ్లకీ తెలియదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించి తీరాలన్నాయి. ఒక నెల తగ్గిస్తే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు కదా! అలా దేశమంతా పాకింది ఈ చిట్కా. కానీ తెలుగునాట దానికి ఎప్పుడో కాలం చెల్లింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌ను సవరించి, ‘ఏడాది దాటిన లీజులు’ అన్న అర్థాన్ని తీసేసి ‘స్థిరాస్తి లీజులు’ అని మార్చారు. 1999 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉంది. అంటే ఇక్కడ రాసుకున్న లీజు పదకొండు నెలలదైనా, పదకొండేళ్లదైనా రిజిస్ట్రేషన్ కావాల్సిందే.

చేయించకపోతే జైలుకేమీ పంపరు. కానీ కోర్టుకెక్కితే ఆ కాగితంలోని షరతులను సాక్ష్యంగా చూపించలేరు. ‘ఈయన ఈ ఇంట్లో అద్దెకే ఉంటున్నాడు’ అన్నపాటి సంగతి తెలుసుకోవడానికి చూస్తారు తప్ప, ‘రెండు నెలల నోటీసు అని రాసుకున్నాం’ అంటే ఒప్పుకోరు. అప్పుడు నెలవారీ అద్దెగా లెక్కగట్టి, ఆస్తి బదిలీ చట్టం చెప్పే 15 రోజుల నోటీసే గడువవుతుంది. స్కూలు పరీక్షల మధ్యలో 15 రోజుల్లో ఇల్లు వెతుక్కోవాల్సి వస్తే ఎలా ఉంటుందో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు.

రిజిస్ట్రేషన్ అనగానే యజమానులు జంకుతారు... ఖర్చు, తిరుగుడు, పన్ను లెక్కలు. స్టాంపు డ్యూటీ అద్దె మొత్తాన్ని, కాలాన్ని బట్టి ఉంటుంది. ఆ ఖర్చును చెరిసగం పెట్టుకుంటే ఇద్దరికీ భారం తగ్గుతుంది. మహారాష్ట్రలో 1999 నాటి అద్దె చట్టం ఒప్పందాన్ని రిజిస్టరు చేయించే బాధ్యత యజమానిదేనంటుంది. అక్కడ అద్దెకుండి వచ్చిన మనవాళ్లకు ఇది కొత్తేం కాదు.

పదకొండు నెలల్లో ఇంకో మెలిక ఉంది. ‘గడువు ముగిశాక అద్దె పెంపు’ అని రాస్తే అయిదేళ్లలో అయిదుసార్లు పెరుగుతుంది. అదే పన్నెండు నెలలైతే నాలుగుసార్లే! శాతం దగ్గరా అంతే. 15 వేల అద్దెను ఏటా అయిదు శాతం చొప్పున పెంచితే మూడో ఏడు 16,537 రూపాయలు. పది శాతమైతే 18,150. నెలకు పదహారు వందల తేడా... ఒక్క అంకె దగ్గర!

అడ్వాన్సు... వెనక్కి వస్తుందా?

అసలు గొడవంతా దీని దగ్గరే. నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలల అద్దెను మించి అడ్వాన్సు వద్దంది. హైదరాబాద్‌లో చాలాచోట్ల రెండు మూడు నెలలతో సరిపెడుతుంటే, బెంగళూరుకు ఉద్యోగాలకు వెళ్లిన తెలుగు కుర్రాళ్లు పది నెలల అద్దె ముందే కట్టమన్నారని ఇంటికి ఫోన్ చేసి లబోదిబోమన్న రోజులున్నాయి.

ఎంత అన్నదానికంటే ఎలా తిరిగొస్తుందన్నది ముఖ్యం. మూడు సంగతులు రాసుకోవాలి. తాళాలు అప్పగించిన ఎన్ని రోజుల్లో ఇస్తారు? వేటికి కోత వేస్తారు? కోత వేస్తే బిల్లు చూపిస్తారా? పెయింటింగ్ సంగతి విడిగా తేల్చుకోవాలి. ‘ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ కింద మినహాయింపు’ అని రాసి ఉండి, దానికింద సంతకం పెడితే తర్వాత వాదించి లాభం లేదు. ఏమీ రాసుకోకపోతే? ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి... మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను మినహాయించి. అయిదేళ్లలో వెలిసిన గోడ రంగు అరుగుదలే. పాప క్రేయాన్లతో గీసిన ఏనుగు మాత్రం కాదు!

మరి తీసుకున్నప్పుడు ఇల్లు ఎలా ఉందో ఎవరికి గుర్తు? ఫ్యాన్లు, గీజరు, ట్యూబులైట్లు, తాళంచెవులు ఎన్నో లెక్క రాసి ఒప్పందానికి జత చేయాలి. పగిలిన టైలు, చెమ్మ పట్టిన గోడ, వదులైన కుళాయి... సామాను దించకముందే ఫొటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోవాలి. పది నిమిషాల పని.

మీటరు ఎవరిది?

కరెంటుకు విడి మీటరు ఉందా, సబ్ మీటరా? వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. రెండు కుటుంబాలు ఒకే మీటరు మీదుంటే ఇద్దరూ పొదుపుగా వాడినా బిల్లు పై స్లాబులోకి ఎక్కి కూర్చుంటుంది. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి నెలకు 200 యూనిట్లు దాటని అర్హులకే. ఉమ్మడి మీటరు ఉంటే ఆ హద్దు దాటడం ఎంతసేపు! దిగే రోజున మీటరు రీడింగ్ ఒప్పందంలో రాసుకుంటే పాత బాకీల బెడద ఉండదు.

ఇక బోరు మోటారు కరెంటు, నల్లా బిల్లు, ఎండాకాలం ట్యాంకరు, అపార్ట్‌మెంటైతే మెయింటెనెన్సు... ఎవరి వంతు ఎంతో రాయాలి. బల్బులు, కుళాయి వాషర్ల లాంటి చిల్లర మరమ్మతులు అద్దెదారువి, పైకప్పు కారడం, డ్రైనేజీ, మోటారు కాలిపోవడం లాంటివి యజమానివి అని చాలామంది పంచుకుంటారు. ఆ పంపకం కాగితం మీదుండాలి. చేయించాల్సిన మరమ్మతు చెప్పినా యజమాని చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకునే వీలు 108వ సెక్షన్‌లోనే ఉంది. చెప్పిన సంగతి, పెట్టిన ఖర్చు రెండింటికీ రుజువులు దాచుకోవాలి.

మాంసాహారం, చుట్టాలు, రాత్రి గేటు వేసే వేళ... ఇలాంటి షరతులు ఉంటే అవీ ముందే చెప్పాలి. దిగిన పది రోజులకు తెలిసే షరతులంత చిరాకు ఇంకోటి లేదు.

ఎలా వెళ్లాలి?

సంతోషంగా దిగేరోజున వెళ్లేరోజు గురించి మాట్లాడటం అపశకునంలా ఉంటుంది. కానీ ఒప్పందం పుట్టిందే ఆ రోజు కోసం. ఎన్ని నెలల ముందు చెప్పాలన్న గడువు ఇద్దరికీ సమానంగా ఉందా చూసుకోవాలి. అద్దెదారు రెండు నెలల ముందు చెప్పాలి, యజమాని మాత్రం ఎప్పుడైనా ఖాళీ చేయమనవచ్చు అని రాసిన ఫారాలకు కొదవలేదు. ఉద్యోగ బదిలీ అయితే ఎలా అన్నదీ రాసుకోవచ్చు.

అద్దె బాకీపడితే ఎన్నాళ్లు ఆగుతారన్న మాట యజమానికి రక్షణ. గొడవొచ్చిందని నీళ్లు ఆపేయడం, కరెంటు తీసేయడం మాత్రం ఎవరికీ తగదు. 1960 చట్టం నుంచి నమూనా చట్టం దాకా వద్దన్న పని అది. ఇల్లు చూడటానికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని కూడా నమూనా చట్టం అంటోంది. అమలుతో పనిలేకుండా ఆ వాక్యాన్ని ఎవరైనా తమ ఒప్పందంలో రాసుకోవచ్చు.

అద్దె బ్యాంకు ద్వారానో యూపీఐలోనో కడితే అదే రసీదు. నగదైతే రసీదు పుస్తకం ఉండాలి. పాత పన్ను విధానంలో ఇంటద్దె అలవెన్సు మినహాయింపు కోరేవాళ్లు ఏడాదికి లక్ష దాటి అద్దె కడుతుంటే ఇంటాయన పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి. ‘పాన్ ఇవ్వను’ అన్న మాట మార్చిలో వినేకంటే సంతకానికి ముందు వినడం నయం.

అపోహలు - నిజాలు

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుదైపోతుంది: అద్దెదారుగా ఉన్నంతకాలం కాదు. యజమాని అనుమతితో ఉంటున్నవాళ్లు ఆయన హక్కును కాదనలేరు. అద్దె ఒప్పందం, రసీదులు ఉంటే ఆ విషయం ఇంకా గట్టిపడుతుంది. కాగితం రాస్తే ఇల్లు పోతుందని భయపడే యజమానులకు నిజానికి కాగితమే కాపలా.

నోటరీ చేయిస్తే రిజిస్ట్రేషన్ అయినట్టే: రెండూ వేరు. నోటరీ ముద్ర సంతకాలను ధ్రువపరుస్తుంది. రిజిస్ట్రేషన్ లేని లోటును తీర్చదు.

ఆరు నెలలు దాటిన స్టాంపు పేపరు చెల్లదు: చెల్లుతుందని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. ఆరు నెలల గడువు వాడని స్టాంపును వాపసు చేసి డబ్బు తీసుకోవడానికే.

ఎంత విలువ స్టాంపైనా ఒకటే: కాదు. డ్యూటీ తక్కువ పడితే, ఆ తేడాను జరిమానాతో కట్టేదాకా పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోరు. జరిమానా పదింతల దాకా ఉండొచ్చు.

రెండో కాఫీ

నల్లకుంట ఇంట్లో గంటన్నర గడిచింది. కాఫీలు చల్లారాయి. కాగితాల అంచుల్లో చేతిరాత నిండింది. మొదట్లో ముభావంగా ఉన్న పెద్దాయన ఇప్పుడు తానే ఒక్కో షరతు గుర్తుచేస్తున్నారు. “కరెంటు బిల్లు ప్రతి నెలా నాకు చూపించాలి, రాయమ్మా. కిందటిసారి అక్కడే దెబ్బతిన్నా” అన్నారు. ఆమె రాసింది. “అడ్వాన్సు పదిహేను రోజుల్లో... కోతలుంటే బిల్లులతో” అంది. ఆయన తలూపారు. పెయింటింగ్ దగ్గర కాసేపు నడిచింది బేరం. మూడేళ్లు ఉంటే కోత లేదు, ఏడాదిలోపు వెళ్తే సగం నెల అద్దె... అక్కడ తెగింది. పదకొండు కొట్టేసి ఇరవై నాలుగు నెలలు చేశారు. ఈ చిత్తుప్రతిని శుభ్రంగా టైపు చేయించి వచ్చేవారం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లాలనీ, ఖర్చు చెరిసగమనీ అనుకున్నారు.

“ఇన్నేళ్లుగా అద్దెకిస్తున్నా. నా కాగితం నేనే మొత్తం చదవడం ఇదే మొదటిసారి” నవ్వారు పెద్దాయన.

లోపలి నుంచి ఆంటీ రెండో విడత కాఫీ తెచ్చారు. భర్త ఫోన్ తీసుకుని మీటరు రీడింగ్ ఫొటో తీయడానికి పైకి వెళ్లాడు. పాప అతని వెనకే పరుగెత్తింది... తన గది గోడ చూపించడానికి.

“ఆ గోడ ఫొటో కూడా తీయండి” వెనక నుంచి కేకేసింది ఆమె. “ఏనుగు ఇంకా పడలేదు కదా!”